కమాన్ కట్టల కొట్టు నుంచి చూసిన లారీలు

లారీ ఎదురొస్తుంటే అందరూ దాని ముఖం చూస్తారు. అద్దం పైన రాసిన దేవుడి పేరు, బంపరుకు కట్టిన నిమ్మకాయలు మిరపకాయలు, పక్కన వేలాడే నల్లతాడు. మా ఇంట్లోవాళ్ల చూపు మాత్రం ముందు కిందికి పోయేది. వెనక చక్రాల పైన కమాన్ కట్టలు, అంటే లారీ స్ప్రింగులు, వంపు మీద ఉన్నాయా, బరువుకు తిన్నగా కూర్చున్నాయా, బండి ఏ పక్కకు ఒరిగింది, ఇవన్నీ చూశాకే మా నాయన ఆ బండి గురించి నోరు తెరిచేవాడు. కావలిలో ట్రంకు రోడ్డు పక్కన ఆయన కమాన్ కట్టల మేస్త్రీ. నేను పుట్టేనాటికే ఆ రేకుల షెడ్డు ఉంది. బడి నుంచి రాగానే నేను పుస్తకాల సంచి తగిలించే కొక్కెం కూడా ఏదో లారీ నుంచి ఊడదీసిన పాత సెంటర్ బోల్టే.

కమాన్ కట్ట ఎట్లా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు అవి. అన్నిటికంటే పైన ఉండేది, పొడుగైనది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి, ఆ చుట్టల్లో బుష్షులు, పిన్నులు కూర్చుంటాయి. కిందికి పోయేకొద్దీ పట్టీలు పొట్టివవుతాయి. అన్నిటి నడుమా ఒక చిల్లి, అందులో సెంటర్ బోల్టు. మొత్తం కట్టను యు బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. చక్రం గుంటలో పడితే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ తిన్నగా సాగుతాయి, గుంట దాటాక మళ్లీ వంపుకొస్తాయి. పట్టీల మధ్య ఆ రాపిడే బండి ఊగుడును కూడా అణుస్తుంది. చాలా పాత లారీలకు వెనక షాక్ అబ్జార్బర్లు ఉండేవే కావు, ఉన్నదంతా ఈ కట్టే.

పట్టీ విరిగిందో లేదో కంటికి ఎప్పుడూ తెలియదు. మట్టి, గ్రీజు, తుప్పు పట్టి ఉంటుంది. నాయన కట్ట విప్పి, ఒక్కో పట్టీని విడిగా దాగలి (కమ్మరి ఇనుపదిమ్మె) మీద ఆనించి చిన్న సుత్తితో కొట్టేవాడు. బాగున్న పట్టీ గంటలా మోగుతుంది, ఆ మోత కాసేపు నిలబడుతుంది. పగులున్నది మోగదు, దెబ్బ పడినచోటే ఆగిపోతుంది. "చూడబ్బయా, ఇది పలకడంలా" అని దాన్ని తిప్పి, కిరసనాయిలు గుడ్డతో చిల్లి చుట్టూ తుడిచేవాడు. అప్పుడు కనిపించేది వెంట్రుకంత గీత. పట్టీ విరగడమంటే ఎక్కువగా ఆ చిల్లి దగ్గరే, లేకపోతే పైపట్టీ చుట్ట దగ్గర. ఆ గీత చూసి డ్రైవర్ల ముఖాలు మారిపోయేవి. రాత్రి పూట ఘాటు రోడ్డులో అది తెగి ఉంటే ఏమయ్యేదో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కావలి ఎక్కడుందో చూస్తే మా కొట్టుకు పని ఎందుకు తగ్గలేదో తెలుస్తుంది. దక్షిణాన నెల్లూరు, ఉత్తరాన ఒంగోలు, పడమటికి పోతే ఉదయగిరి కొండలు, తూర్పున కొద్ది దూరంలో సముద్రం. మద్రాసు నుంచి కలకత్తా పోయే ఐదో నంబరు జాతీయ రహదారి అప్పట్లో ఊరి నడుమ నుంచే పోయేది. గూడూరు నిమ్మకాయలు ఢిల్లీకి పోవాలన్నా, చీమకుర్తి రాయి మద్రాసు రేవుకు పోవాలన్నా మా షెడ్డు ముందు నుంచే పోవాలి.

లారీల్లో పెద్దరికం బెంజిది. 1954లో టాటావాళ్లు జర్మనీలోని డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి, మూతి మీద మూడు కొమ్మల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. అయినా నా చిన్నప్పుడు, 1980ల్లో కూడా, పాత డ్రైవర్లు టాటా లారీని బెంజి అనే పిలిచేవాళ్లు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఆ పాత బండ్లలో ఒకటీ అరా ఇంకా తిరుగుతుండేవి. వాటి తర్వాత వచ్చిన 1210 బండి మా రోడ్డును ఏలింది. నా అభిప్రాయం ఇప్పటికీ ఒకటే, మన ఊళ్ల రోడ్లకూ, మన మేస్త్రీల చేతులకూ అంత బాగా అమరిన లారీ ఇంకోటి రాలేదు. ఇంజన్ ఆగితే డ్రైవర్ తనే డీజిల్ పైపులో గాలి తీసుకునేవాడు. సెల్ఫ్ పట్టకపోతే నలుగురు తోస్తే, లేదంటే దిగుడులో వదిలి గేరు వేస్తే పట్టేది. ఏ సామాను పోయినా తడ నుంచి తుని దాకా ఏ ఊళ్లోనైనా దొరికేది.

లేలాండ్ దగ్గరికి వస్తే మా మామ మాట చెప్పాలి. అమ్మ తమ్ముడు, జీవితమంతా లేలాండ్ కామెట్ నడిపాడు. ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయిన ఆ ఫ్యాక్టరీ నెల్లూరు నుంచి కొన్ని గంటల దూరమే. కాబట్టి లేలాండ్ మనింటి బండి అని ఆయన లెక్క. "టాటా పరిగెత్తుతుంది, లేలాండ్ లాగుతుంది" అనేవాడు. బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గొంతు మార్చకుండా లాగడం ఆయనకు ఇష్టం. సామాను కావాలంటే మద్రాసులో జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఉండనే ఉంది. సాయంత్రం బస్సెక్కి పోయి, తెల్లారి కొని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్లు. మా నాయనకు మాత్రం టాటా కట్టలే ఇష్టం. ఈ విషయం మీద బావా బావమరుదులు పండగ పూట కూడా వాదించుకున్నారు, ఇద్దరూ తగ్గలేదు.

ఫార్గో, డాడ్జి, బెడ్‌ఫోర్డ్ నేను చూసేనాటికే ముసలివి. మొదటి రెండూ బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు చేసినవి, బెడ్‌ఫోర్డ్ కలకత్తా పక్క హిందుస్థాన్ మోటార్స్‌ది. దూరప్రయాణాలు మానేసి ఉప్పు కొఠార్లకూ ఇటుక బట్టీలకూ చేరాయి. కొన్నిటికి సొంత ఇంజన్ పోయి మద్రాసు సింప్సన్ వాళ్ల పెర్కిన్స్ ఇంజన్ ఎక్కింది. పేరు ఒకరిది, గుండె ఇంకొకరిది, క్యాబిన్ ఏ వడ్రంగిదో. అయినా పని చేశాయి. ఆ బండ్లంటే నాకు గౌరవం.

ఏ బండి ఏ సరుకు మోస్తుందో కట్టలు విప్పితే తెలిసిపోతుంది. ఇది నాయన నాకు నేర్పిన వాటిలో ముఖ్యమైనది. ఇసకపల్లి ఉప్పు మోసే లారీ కట్టలు విప్పితే పట్టీల మధ్య నుంచి తుప్పు పొరలు పొరలుగా రాలేది. ఉప్పునీళ్లు కారి కారి పట్టీల మధ్యలోకి పోతాయి, తుప్పు ఉబ్బి పట్టీలను ఒకదాన్నుంచి ఒకటి ఎడం చేస్తుంది, ఇక అవి జారవు, బిగుసుకుపోతాయి. జారని కట్ట విరగడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఉప్పు లారీవాళ్లు ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్‌ను పారబోయకుండా డబ్బాలో పెట్టుకుని కట్టలకు పూసుకునేవాళ్లు. ఆ పని చేసే డ్రైవరు ఎవరో, చెయ్యనివాడు ఎవరో పట్టీ చూసి నాయన చెప్పేవాడు.

పొగాకు లారీలది ఇంకో కథ. టంగుటూరు, కొండపి, కందుకూరు పక్క వేలం కేంద్రాల నుంచి గోనెపట్టలో కుట్టిన బేళ్లు ఎత్తుగా పేర్చి వచ్చేవి. ఉప్పుకూ రాయికీ ఉన్న బరువు పొగాకుకు లేదు, ఎత్తు మాత్రం ఉంది. మలుపులో బండి పైభాగం ఊగి, ఒకసారి ఈ పక్క కట్ట మీద, ఒకసారి ఆ పక్క కట్ట మీద పడుతుంది. అందుకే ఆ లారీలకు పట్టీలు విరగడం తక్కువ, చుట్టల్లో బుష్షులు అరగడం ఎక్కువ. వాటి చెక్కబాడీకి పట్టిన పొగాకు వాసన సీజన్ అయిపోయాక కూడా పోదు. వాన మబ్బు కనిపిస్తే చాలు, డ్రైవరు, క్లీనరు ఇద్దరూ పైకెక్కి టార్పాలిన్ తాళ్లు బిగిస్తుండేవాళ్లు. బేలు తడిస్తే రైతు ఏడాది కష్టం పోయినట్టే. అవే లారీలు పంట ముందు పొగాకు కాల్చే బ్యారన్లకు కట్టెలు తోలేవి, అప్పుడు బాడీ పలకలు దెబ్బతినేవి.

ఇక చీమకుర్తి రాయి. ఆ నల్లరాయిలో మెరిసే చుక్కలుంటాయి, గెలాక్సీ గ్రానైట్ అని ప్రపంచమంతా కొంటుంది. ఘనమీటరు రాయి మూడు టన్నుల దాకా తూగుతుంది. ఒక దిమ్మె చూడటానికి చిన్న గదిలో సగం కూడా ఉండదు, బరువు మాత్రం పది టన్నులు దాటిపోతుంది. అప్పట్లో రెండు ఇరుసుల లారీకి బండితో కలిపి చట్టం ఒప్పుకున్న మొత్తం బరువు 16.2 టన్నులు, ముందు ఇరుసు మీద 6, వెనక 10.2. 2018లో దాన్ని 18.5 చేశారు. ఆ దిమ్మెల్లో సగం ఆ లెక్కలో ఎట్లా పడతాయి? పట్టవు. కాబట్టి ఓనర్లు వచ్చి, "మేస్త్రీ, ఇంకో రెండు పట్టీలు ఎక్కించు" అనేవాళ్లు.

ఇక్కడ నాయన గట్టిగా ఉండేవాడు. పట్టీలు పెంచితే కట్ట కూర్చోదు, నిజమే. కానీ కట్ట ఆపని దెబ్బ ఎక్కడికీ పోదు, ఇరుసు హౌసింగ్ మీదికి, ఛాసిస్ మీదికి, టైర్ల మీదికి పోతుంది. పైగా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బండి రాతిబండ మీద కూర్చున్నట్టు ఎగురుతుంది, బ్రేకు వేస్తే వెనక చక్రాలు రోడ్డును సరిగ్గా పట్టవు. "విరిగేది విరగనీ, అది విరిగితేనే మిగతాది నిలబడేది" అని ఆయన వాదన. పట్టీ పోతే పూటలో మార్చుకోవచ్చు, ఛాసిస్ పగిలితే బండే పోతుంది. కొందరు వినేవాళ్లు, కొందరు పక్క ఊళ్లో ఎక్కించుకుని వచ్చేవాళ్లు. ఆ రెండో రకం బండ్లు కొన్నాళ్లకు ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులతో కనిపించేవి. ఈ విషయంలో నేను పూర్తిగా నాయన పక్షం. రాయి మోసిన ఆ పాత లారీలను చూసి ఎంత బరువైనా మోసేవి, ఆ రోజులే వేరు అని మెచ్చుకునేవాళ్లతో నాకు పొసగదు. మోశాయి. మోసినందుకు బ్రేకులు ఫెయిలై ఎవరెవరు పోయారో రోడ్డు పక్కవాళ్లకు తెలుసు.

ఇంకో సంగతి చిన్నప్పుడు నన్ను చాలా ఆశ్చర్యపెట్టింది. ఎడమ పక్క కట్టలే ముందు పోయేవి. డ్రైవరు కూర్చునేది కుడి పక్క కదా, కుడి కట్టలు కదా పోవాల్సింది అని అడిగాను. నాయన నన్ను రోడ్డు నడుమకు తీసుకుపోయి వంగి చూడమన్నాడు. నీళ్లు నిలవకుండా రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి బండి ఎప్పుడూ ఎడమకు వాలి ఉంటుంది. ఎదుటి బండికి దారి ఇవ్వాలంటే ఎడమ చక్రం మట్టి మార్జిన్‌లోకి దిగాలి, మళ్లీ తారు అంచు ఎక్కాలి. ఒంటి వరుస తారు రోడ్డు మీద ఆ దిగడం ఎక్కడం రోజుకు ఎన్నిసార్లో! రోడ్డు చేసిన పని కట్టలో కనిపిస్తుందన్నమాట. ఆ తర్వాత ఏ రోడ్డు మీద నడిచినా ముందు దాని వాలు చూడటం నాకు అలవాటైంది.

వ్యాన్లు మా కొట్టుకు కాస్త ఆలస్యంగా వచ్చాయి. మొదట మటడార్. పూనాలో బజాజ్ టెంపో వాళ్లు చేసేవాళ్లు. పెళ్లివారూ అదే ఎక్కేవాళ్లు, చేపల బుట్టలూ అదే ఎక్కేవి, ఆస్పత్రికీ అదే. లారీకి ఉన్నట్టు వెనక చక్రాలకు కాకుండా ఇంజన్ బలం ముందు చక్రాలకు పోతుంది దానికి. అందువల్ల నడుమ పొడుగాటి రాడ్డు లేదు, బండి నేల బాగా కిందికి ఉంటుంది, ముసలివాళ్లు కూడా చెయ్యి పట్టుకోకుండా ఎక్కొచ్చు, ఐసు పెట్టెలు వంగకుండా లోపలికి తోయొచ్చు. కానీ వెనక బరువు ఎక్కువైతే ముక్కు తేలుతుంది, ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. జువ్వలదిన్నె పక్క ఇసక దారిలో తడి తగిలితే అంతే, ఉన్నచోటే చక్రాలు గిరగిరా తిరుగుతాయి. అప్పుడు లోపల ఉన్న కూలీలు దిగి ముందు బంపరు మీద నిలబడేవాళ్లు. ఆ బరువుకు చక్రం నేలను పట్టుకుని బండి బయటికొచ్చేది. మటడార్‌ను మంచి బండి అనను, మంచి మనసున్న బండి అంటాను. మా ఊరి పెళ్లిళ్లు సగం దాని మీదే జరిగాయి.

1990ల మొదట్లో అల్లూరు, విడవలూరు, మా కావలి తీరం అంతా రొయ్యల గుంటలు తవ్వారు. రాత్రికి రాత్రి పట్టుబడి చేసి, ఐసులో పెట్టి, తెల్లారేసరికి మద్రాసు చేర్చాలి. అప్పటికి టాటా 407 వచ్చి ఉంది, 1986లో దిగింది అది. దాంతో పాటే జపాన్ పేర్లతో స్వరాజ్ మజ్దా, డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, అల్విన్ నిస్సాన్ వచ్చాయి. అల్విన్ అప్పట్లో మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థే, జహీరాబాద్‌లో చేసేవాళ్లు. మనవాళ్లు చేసిన వ్యాన్ అని మా షెడ్డు ముందు ఆగితే ప్రత్యేకంగా చూసేవాణ్ని. జపాన్ బండ్లు మెత్తగా పోయేవి, ఇంజన్ చప్పుడు తక్కువ, డీజిల్ తక్కువ తాగేవి. సామాను మాత్రం ఖరీదు, దొరకడం కష్టం. 407 చప్పుడు చేస్తుంది, కుదుపుతుంది, కానీ లారీ మేస్త్రీకి తెలిసిన పనే దానికీ చాలు. చివరికి ఎవరు నిలబడ్డారో రోడ్డు మీద చూస్తే తెలుస్తుంది. 407 ఈనాటికీ తిరుగుతోంది.

ఆ రొయ్యల వ్యాన్ల కట్టలు కూడా ఉప్పు లారీల్లాగే తుప్పు పట్టేవి. కరిగిన ఐసు, ఉప్పునీళ్లు దారి పొడవునా కారుతూనే ఉండేవి. ఆ నాలుగైదేళ్లు మా ఇంట్లో డబ్బుకు లోటు లేదు. 1994 నుంచి తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలు ఊడ్చిపెట్టుకుపోయాయి. అప్పు చేసి కొన్న వ్యాన్లు ఇంటి ముందు నిలబడిపోయాయి. కట్టించుకున్న కట్టలకు డబ్బులివ్వలేనివాళ్లను నాయన అడగలేదు, అమ్మ కూడా అడగమనలేదు.

అమ్మ అడ్డం పడింది ఒక్క బండి విషయంలోనే. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, జిల్లా అంతా పాకింది. పల్లెల్లోకి సారా ప్యాకెట్లు తెచ్చే జీపులనూ వ్యాన్లనూ ఆడవాళ్లు అడ్డగిస్తున్న రోజులు. అట్లాంటి జీపు ఒకటి ముందు కట్ట విరిగి మా షెడ్డు ముందు ఆగింది. నాయన కొలిమి రాజేస్తున్నాడు. అమ్మ ఇంట్లోంచి వచ్చి, "ఆ జీపుకు నువ్వు పట్టీ కట్టావంటే నేను వీధిలోకి ఎట్ట పోయేది?" అంది. నాయన జవాబు చెప్పలేదు. కొలిమి బ్లోయరు ఆపేసి, జీపువాడితో "ఈ పూట పనిలేదు, ఇంకో చోటు చూసుకో" అన్నాడు. వాడు డబ్బు రెట్టింపు ఇస్తానన్నాడు, తిట్టాడు, చివరికి విరిగిన కట్ట కింద చెక్కముక్క దూర్చి తాడుతో కట్టుకుని పోయాడు. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. మా అమ్మ ఏ ఊరేగింపులోనూ పోలేదు. ఆమె చేసింది ఆ ఒక్కటే, నాకు దాని కంటే పెద్దది కనపడదు.

తుఫాను సంగతి రాయకుండా కావలి లారీల గురించి రాయడం కుదరదు. 1989 నవంబరులో థాయిలాండ్ వైపు సముద్రంలో పుట్టిన తుఫాను అక్కడి నేల దాటి బంగాళాఖాతంలోకి వచ్చి మా కావలి దగ్గరే తీరం దాటింది. గాలి మొదలయ్యాక లారీలన్నీ రోడ్డు పక్కన ఆగిపోయాయి. మా షెడ్డు రేకులు లేచిపోతుంటే డ్రైవర్లు, క్లీనర్లు మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నారు. ఒరియా, తమిళం, తెలుగు, అన్ని భాషల్లో దేవుళ్లను తలుచుకున్నారు. తెల్లారి చూస్తే ఖాళీ లారీలు పడిపోయి ఉన్నాయి, బరువున్నవి నిలబడి ఉన్నాయి. రోడ్డంతా చింతచెట్లు, వేపచెట్లు. ప్రభుత్వం నుంచి ఎవరూ రాకముందే ఆ డ్రైవర్లే గొడ్డళ్లు, రంపాలు పట్టారు. ఒక బెంజి లారీకి గొలుసు కట్టి చెట్ల మొద్దులను పక్కకు ఈడ్చారు. అంత బరువు ఈడ్చేటప్పుడు దాని వెనక కట్టలు ఎట్లా మెలిపడతాయో నాయన పక్కనే నిలబడి చూస్తూ, "చాలు, ఆపు, మళ్లీ పట్టు" అని చేత్తో సైగ చేస్తూ ఉన్నాడు. తర్వాత ఇదే రోడ్డు మీద బియ్యం, దుప్పట్లు తెచ్చిన లారీలు వచ్చాయి. ఆ లారీల్లో ఒక్కదానికీ నాయన కూలి తీసుకోలేదు.

లారీల పేర్ల మీద నాకు ఇప్పటికీ మోజు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుని వచ్చేవి, అక్కడి వడ్రంగులూ పెయింటర్లూ గొప్ప పనివాళ్లు. కంపెనీ నుంచి వచ్చేది ఇంజన్, ఛాసిస్, మూతి మాత్రమే. క్యాబిన్ తలుపుల దగ్గర్నుంచి వెనక పలకల దాకా చెక్కపనే. అద్దం పైన పలక మీద పేరు చూస్తే ఓనరుది ఏ ఊరో చెప్పేయొచ్చు. జొన్నవాడ కామాక్షమ్మ పేరుంటే పెన్న పక్కవాళ్లు, పెంచలకోన నరసింహస్వామి ఉంటే రాపూరు వైపు, మాలకొండ అని ఉంటే కందుకూరు పక్క. మాలకొండ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి, కొత్త బండికి పూజ కోసం శనివారం దాకా ఆగే ఓనర్లుండేవాళ్లు.

డ్రైవర్ల మాట చెప్పకపోతే ఇదంతా ఇనుము గురించి రాసినట్టవుతుంది. ఇంజన్ క్యాబిన్ లోపలే, డ్రైవరు ఎడమ మోకాలి పక్కనే ఉంటుంది. మే నెలలో మా ఎండల్లో ఆ క్యాబిన్ ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. మామ ఎడమ పిక్క మీద చర్మం నల్లగా, గట్టిగా మారిపోయింది, చివరి దాకా అట్లాగే ఉంది. పవర్ స్టీరింగ్ లేదు, బరువు బండిని తిప్పాలంటే భుజాలతో తిప్పాలి. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. క్లీనర్లయితే చాలామంది నా వయసు పిల్లలే. నేను బడికి పోతుంటే నా ఈడువాడు లారీ కింద పడుకుని యు బోల్టు విప్పుతుండేవాడు. వాళ్లలో చాలామంది మంచి డ్రైవర్లయ్యారు. కానీ చదువుకుని ఉండాల్సిన పిల్లలు వాళ్లు. పాత బండ్లను నేను ప్రేమిస్తాను, ఆ బండ్ల కింద గడిచిన ఆ బాల్యాలను మాత్రం మంచి రోజులు అనలేను. 2025 నుంచి కొత్త లారీల క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు. మామ ఉండి ఉంటే చూపించేవాణ్ని.

నాలుగు వరుసల రోడ్డు పని వచ్చాక కావలికి బైపాస్ పడింది. ఐదో నంబరు రోడ్డు పేరు మారి పదహారో నంబరైంది, లారీలు ఊళ్లోకి రావడం మానేశాయి. 2005లో టాటా ఏస్ దిగాక చిన్న సరుకంతా దాని మీదికి పోయింది. ఇప్పటి పెద్ద బండ్లకు కొన్నిటికి రెండు మూడు పట్టీల కట్టలే, ఒక్కో పట్టీ నడుమ లావు, కొసలు పలచన. బాగా పనిచేస్తాయి, మెత్తగా ఉంటాయి. విరిగితే సుత్తి దెబ్బలతో సరిచేసే పని కాదు, మార్చేయడమే. నాయన చివరి రోజుల్లో ఒకసారి తమ్ముడు అట్లాంటి పట్టీ తెచ్చి చూపిస్తే, సుత్తి అడిగి తీసుకుని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "మంచి ఉక్కు" అన్నాడు.

కొట్టు ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. ఎక్కువగా ట్రాక్టర్ ట్రక్కులు, పాత 407లు, బోర్ వెల్ బండ్లు. విరిగిన పట్టీలను మా దగ్గర ఎప్పుడూ పాత ఇనుముకు వెయ్యలేదు. చుట్టుపక్కల ఊళ్ల కమ్మరులు తీసుకుపోతారు, కత్తులకూ గొడ్డళ్లకూ కొడవళ్లకూ లారీ పట్టీని మించిన ఉక్కు లేదని వాళ్ల నమ్మకం. ఉప్పు లారీ పట్టీ వద్దు, రాయి లారీది కావాలని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. కొడవళ్ల గిరాకీ తగ్గింది, కోతలకు మిషన్లొచ్చాయి. ఆ మిషన్లు ఊరూరికీ లారీ మీద ఎక్కి వస్తాయి, వరి కోతల కాలంలో ఆ లారీలు పొలం గట్లు ఎక్కి దిగి కట్టలు విరగ్గొట్టుకుని తమ్ముడి దగ్గరికి వస్తాయి. మొన్న మార్చిలో నేను పోయినప్పుడు షెడ్డు ముందు రెండు నిలబడి ఉన్నాయి, రెండిటికీ ఎడమ పక్క కట్టలే పోయాయి.